కాన్పుల వార్డు సభలో నేను చెప్పని మాట

మా మండలం దవాఖానాలోని కాన్పుల వార్డును జిల్లా కేంద్రానికి తరలించే ముందు ఒక సభ పెట్టారు. ఆ సభలో గూడేల తరఫున ఒక పెద్దాయన లేచి తన భాషలో మాట్లాడాడు. ఆయన మాటను తెలుగులో అధికారులకు చెప్పవలసినవాణ్ణి నేను. చెప్పలేదు. అంతటితో ఆగి ఉంటే కొంత నయం. ఆయన అనని మాటను ఆయన మాటగా మైకులో చెప్పాను.

అప్పటి నుంచి మా దగ్గర దవాఖానా ప్రస్తావన వచ్చినప్పుడల్లా ఒకటే జవాబు. "వాళ్ల పెద్దాయనే సభల ఒప్పుకున్నడు గదా, ఇప్పుడు లొల్లి పెడితే ఏం లాభం?" హోటల్లో అంటారు, బస్సులో అంటారు, ఓట్ల కోసం వచ్చినవాళ్లు అంటారు. చివరికి ఆ గూడెం కుర్రకారు కూడా ఆయన మొహం మీదే అన్నారు. ఆయన ఒప్పుకోలేదు. ఈ సంగతి తరువాత ఇంకో సభలో నిలబడి చెప్పాను. మైకు తీసేసుకున్నారు. పేపర్లో ఒక్క ముక్క రాలేదు. అందుకని ఇక్కడ రాస్తున్నాను.

మాది బట్టల వ్యాపారం. తాత ఎద్దుబండి మీద, అబ్బా సైకిలు మీద, నేను వ్యానులో అడవి అంచు సంతలన్నీ తిరిగి చీరలు, లుంగీలు, తువ్వాళ్లు అమ్మాం. మండల కేంద్రంలో, సరిగ్గా దవాఖానా గేటు ఎదురుగా, మాకొక దుకాణం కూడా ఉంది. ఇంట్లో ఉర్దూ, బజార్లో తెలుగు, సంతలో కోయ. మూడో భాషను నాకు ఏ బడీ నేర్పలేదు. సంతలో టార్పాలిన్ పరదా కింద అబ్బా పక్కన కూచుని నేర్చుకున్నాను.

గూడేలవాళ్లు బట్ట కొనే తీరు వేరు. ఒకామె వచ్చి చీర మడత విప్పుతుంది. అంచును వేళ్ల మధ్య నలిపి చూస్తుంది. ఎండకు పట్టి చూస్తుంది. మళ్లీ తనే ఎప్పటిలా మడిచి పెట్టి, ఒక్క మాటైనా అనకుండా వెళ్లిపోతుంది. కొత్త వ్యాపారైతే నచ్చలేదనుకుంటాడు. వచ్చే సంతకు ఆమే వస్తుంది, అత్తనో అక్కనో వెంటబెట్టుకుని. నేరుగా వచ్చి ఆ చీరే అడుగుతుంది. ఈ మధ్యలో ఇంట్లో అందరూ కూచుని మాట్లాడుకుని ఉంటారు. విషయం పెద్దదైతే గూడెం గూడెమే కూచుంటుంది. అడిగిన చోటే, అడిగిన గడియలోనే జవాబు ఇచ్చెయ్యడం వాళ్ల లెక్కలో తొందరపాటు, కొంచెం అమర్యాద కూడా. అందుకే అబ్బా అట్లాంటి చీరను తీసి వెనక పెట్టెలో దాచేవాడు. ఇంకొకరు వచ్చి అదే కావాలన్నా ఇచ్చేవాడు కాదు. "ఆమె ఇంకా చెప్పలే," అనేవాడు.

కాబట్టి వాళ్ల మౌనానికి అర్థం తెలియదని నేను బుకాయించలేను. ఆ అర్థం తెలిసినందుకే మా ఇంట్లో మూడు తరాలుగా పొయ్యి వెలిగింది.

మా దవాఖానా గొప్పదని కూడా అనను. వానాకాలం కారిడార్లో బకెట్లు పెట్టేవాళ్లు. డాక్టరమ్మ వారంలో కొన్ని రోజులే వచ్చేది. ఆపరేషన్ గదిలో లైటు పోతే బాగుచేసేవాడు ఎప్పుడొస్తాడో దేవుడికే తెలియాలి. కానీ కాన్పుల వార్డు నడిచేది. నడిపింది ఒక సిస్టరమ్మ. బొగ్గు గని కార్మికుడి బిడ్డ, మణుగూరు వైపు కాలనీలో పెరిగింది. గనిలో సైరన్ ఎట్లా మోగేదో ఆమె గొంతు అట్లా మోగేది. గూడెం ఆడవాళ్లు ఏదైనా చెప్పి, అది ఆమెకు అర్థం కాకపోతే, గేటు దగ్గరికి వచ్చి నా దుకాణం వైపు అరిచేది.

"ఓ సాయిబూ! నీ బేరం ఆపి జర ఇటు రా. గీమెకు నొప్పి యాడుందో అడుగు."

"నేను మొగోణ్ణి, సిస్టరమ్మా. నాకు చెప్తదా?"

"నీకు చీరలు చూపియ్యనీకి సిగ్గు లేదు గాని, నొప్పి అడగనీకి సిగ్గా? జల్దీ రా."

వార్డు వెనక ఒక రేకుల షెడ్డు ఉండేది. నెలలు నిండిన మనిషిని గూడెంవాళ్లు వాగులు పొంగకముందే తీసుకొచ్చి అందులో దిగేవాళ్లు. తల్లి, అత్త, ఆడబిడ్డ, అందరూ వచ్చేవాళ్లు. రాళ్లు పెట్టి పొయ్యి చేసుకుని జావ కాచుకునేవాళ్లు. నొప్పులు మొదలైతే లోపలికి, తగ్గితే మళ్లీ షెడ్డులోకి. కాన్పయ్యే మనిషిని తనవాళ్ల కంటికి దూరంగా ఉంచకూడదని వాళ్ల పట్టుదల. దాన్ని సిస్టరమ్మ ఒప్పుకుంది, డాక్టరమ్మ చూసీచూడనట్టు ఊరుకుంది. ఏ ఆఫీసూ పెట్టని పద్ధతి అది. ఇంటి దగ్గరే కని చచ్చిపోయే ఆడవాళ్లు దవాఖానా గడప తొక్కడం మొదలుపెట్టింది ఆ షెడ్డు పుణ్యాన. నా పిల్లలిద్దరూ ఆ వార్డులోనే పుట్టారు. మా ఆవిడ మొదటి కాన్పుకు ఆ షెడ్డులోని ముసలామె ఒకామె వేడి జావ తెచ్చి తాగించింది.

తరలింపు ఆలోచన పైనుంచి వచ్చింది. చిన్న దవాఖానాల్లో కాన్పులు వద్దు, అన్నీ పెద్ద దవాఖానాలోనే. అక్కడ మత్తు డాక్టరు ఉంటాడు, పిల్లల డాక్టరు ఉంటాడు, రక్తం ఉంటుంది, మిషన్లు ఉంటాయి. ఇందులో నిజం లేదని కాదు. కాన్పు కష్టమైతే మా దగ్గర చేతులెత్తేసేవాళ్లన్నది నిజమే. కానీ డాక్టరును మా దగ్గరికి పంపడం చేతకాక, మమ్మల్నందరినీ డాక్టరు దగ్గరికి నడవమన్నారు. దానికి "మెరుగైన సేవలు" అని పేరు పెట్టారు. నిండు నెలల మనిషి వాగు ఎట్లా దాటుతుంది, బొగ్గు లారీలు తోకకు తోక కట్టిన రోడ్డు మీద ఆటో ఎట్లా పోతుంది అని అడగడానికి ఆ ఆలోచన చేసినవాడు ఒక్కసారైనా ఈ రోడ్డు మీద రావాలి గదా. వస్తే ఏసీ కారులో అద్దాలెత్తుకుని వస్తాడు.

ఇప్పుడు ఇంత కోపంగా రాస్తున్నాను. అప్పుడు నాకు ఈ కోపం లేదు. అప్పుడు నేను దవాఖానా కమిటీ సభ్యుణ్ణి. వ్యాపారుల తరఫున ఒకరు ఉండాలని నన్ను వేశారు. మీటింగుకు పోతే కుర్చీ, మంచినీళ్ల సీసా, ఎప్పుడైనా శాలువా. బట్టలమ్మేవాడి భుజం మీద ఇంకొకడు బట్ట కప్పితే వాడు ఎంత పొంగిపోతాడో నాకు తెలుసు.

సభకు ముందు రోజు సిస్టరమ్మ దుకాణానికి వచ్చింది.

"రేపు మైకు నీ చేతిలనే ఉంటదంట గదా?"

"అవ్. ఇద్దరి మాటా తెలిసినోణ్ణి నేనే గదా."

"వాళ్లేం జెప్తే అదే చెప్పు. నీ తెలివి అందుల కలపకు."

"నన్ను ఏమనుకుంటున్నవ్, సిస్టరమ్మా?"

"వ్యాపారస్తుడివనుకుంటున్న," అంది. నవ్వలేదు.

సభ ఫంక్షన్ హాల్లో జరిగింది. మిర్చి ఏరే రోజులు. గూడేల్లో వయసువాళ్లంతా చేలకు కూలికి పోయారు. వచ్చినవాళ్లు ముసలివాళ్లు, కొంతమంది ఆడవాళ్లు. పెద్దాయన ముందు వరుసలో కూచున్నాడు. మనిషి సన్నం, పొడుగు. అబ్బా కాలం నుంచి తువ్వాలు మా దగ్గర తప్ప ఇంకెక్కడా కొనలేదు. ఆయన కోడలు వెనక ఆడవాళ్లలో కూచుంది. అప్పటికి ఆమెకు తొలి నెలలు. తెర మీద బొమ్మలు వేశారు. తెల్లటి గదులు, నవ్వే తల్లి, నవ్వే పాప. అధికారి చాలాసేపు మాట్లాడాడు. నేను మధ్యమధ్యలో కోయలో చెప్పాను. కరెంటు పోయింది, వచ్చింది, మళ్లీ పోయింది. పక్క గదిలోంచి మటన్ వాసన వస్తోంది. అధికారి ఫోను చూసుకుంటున్నాడు. ఇంకో మండలంలో ఇంకో సభ ఉందట.

"అభ్యంతరాలు ఏమైనా ఉంటే ఫ్రీగా చెప్పమనండి," అన్నాడు.

చెప్పాను. ఎవరూ నోరు తెరవలేదు.

"ఏమంటారు?"

పక్కన కూచున్న మా మండలం పార్టీ లీడరు అందుకున్నాడు. "ఏమంటరు సార్, మంచి చేస్తమంటే వద్దంటరా? పాపం, వాళ్లకు నోరు రాదు."

అప్పుడు పెద్దాయన లేచాడు. గొంతు పెంచలేదు. ఆయన కోయలో అన్నది ఇది: ఇది చిన్న విషయం కాదు. ఆడవాళ్ల విషయం. మేము గూడెంలో కూచోవాలి, ఆడవాళ్లను అడగాలి. వచ్చే సంతకు వచ్చి మా మాట చెప్తాం. అప్పటిదాకా వార్డును కదిలించవద్దని వాళ్లకు చెప్పు.

ఆ మాట చెప్పి కూచున్నాడు. ఎంత స్పష్టంగా ఉందో చూడండి. మర్చిపోవడానికి గాని, తికమక పడడానికి గాని అందులో ఏమీ లేదు.

అధికారి నా వైపు చూశాడు. ఆ చూపులో "తొందరగా కానీ" అని ఉంది. లీడరు నా మోచేయి గిల్లాడు. నేను మైకు నోటి దగ్గర పెట్టుకుని అన్నాను.

"విషయం అర్థం చేసుకున్నారు సార్. ప్రత్యేకంగా అభ్యంతరాలేమీ లేవని వారి అభిప్రాయం."

చప్పట్లు కొట్టారు. ఆ పుస్తకాల తెలుగు పెద్దాయనకు అందలేదు. తన మాటకు వాళ్లు ఒప్పుకున్నారనుకున్నాడు. నా వైపు చూసి తల ఊపి, ఆయన కూడా చప్పట్లు కొట్టాడు. ఫొటో తీశారు. మరునాడు పేపర్లో వచ్చింది, తరలింపును స్వాగతిస్తున్న గిరిజన పెద్ద అని. హాలు వెనక గోడకు ఆనుకుని నిలబడ్డ సిస్టరమ్మ ఆ రోజు పెద్దాయన వైపు ఎట్లా చూసిందో నాకు గుర్తుంది. నమ్మినవాడే ముంచేస్తే చూసే చూపు. అది నా మీద పడవలసిన చూపు. ఆయన మీద పడింది.

ఎందుకు అట్లా అన్నావని, తరువాత నేనే సంగతి చెప్పినప్పుడు, మా ఆవిడ అడిగింది. నాకు లంచమేమీ ఇవ్వలేదు. ఎవరూ బెదిరించలేదు. ఎండగా ఉంది, ఆకలిగా ఉంది, అధికారి తొందరలో ఉన్నాడు. "వచ్చే సంతకు చెప్తారంట సార్" అంటే ఆయన మొహం చిట్లిస్తాడు, నా వల్ల పని ఆగిందంటాడు. అంతే. జీవితమంతా ఆ "వచ్చే సంత" కోసం చీరలు దాచి దాచి విసుగెత్తిన వ్యాపారి ఒకడు నాలో ఉన్నాడు. అబ్బా పక్కకు పెట్టినదాన్ని ఆ రోజు నేను వేరేవాళ్లకు అమ్మేశాను.

వాళ్లు చెప్పినట్టే వచ్చే సంతకు వచ్చారు. అది తలచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే ఒళ్లు మండుతుంది. పెద్దాయన, ఇంకొందరు పెద్దలు, వాళ్ల వెనక చాలామంది ఆడవాళ్లు. ఉతికిన బట్టలు కట్టుకుని వచ్చారు. దవాఖానా వరండాలో నిలబడి, నన్ను పిలిపించి, సూపరింటెండెంటుకు చెప్పమన్నారు. గూడెం కూచుంది. ఆడవాళ్లు అంత దూరం పోలేమన్నారు. వార్డు ఇక్కడే ఉండాలి. షెడ్డు రేకులు పాడయ్యాయి కాబట్టి అడవి కర్ర, తాటాకు మేమే తెచ్చి కప్పుతాం. డాక్టరుకు వచ్చి ఉండడానికి ఇల్లు లేదంటే మట్టిపని మేమే చేస్తాం. కాన్పు కష్టమని సిస్టరమ్మ అన్నవాళ్లను మాత్రం పెద్ద దవాఖానాకు మేమే తీసుకుపోతాం.

ఇంతకన్నా తెలివైన మాట ఆ అధికారి చూపించిన తెర మీద ఎక్కడా లేదు.

సూపరింటెండెంటు విసుక్కున్నాడు. "ఇదేందయ్యా? సభలో ఒప్పుకున్నరు, పైకి పంపించినం, అయిపోయింది. ఇప్పుడొచ్చి మళ్లీ మొదలుపెడితే ఎట్ల?"

పెద్దాయనకు ఆ తెలుగు అర్థమైంది. నా వైపు తిరిగి, "వచ్చే సంతకు చెప్తమన్నం గదా, సాయిబూ?" అన్నాడు.

నిజం చెప్పడానికి అంతకన్నా మంచి సమయం దొరకదు. అందరూ ఉన్నారు. పైకి పంపినదాన్ని వెనక్కి తెప్పించవచ్చు. నేను అన్నాను: "నేను చెప్పిన పెద్దయ్యా. వాళ్లే వినలే."

ఆయన నమ్మాడు. నమ్మి, సూపరింటెండెంటు వైపు ఒక్కసారి చూసి, తనవాళ్లను తీసుకుని మెట్లు దిగిపోయాడు. మొదటి అబద్ధానికి ఆకలి, ఎండ అని ఏదో సాకు చెప్పుకోవచ్చు. రెండోదానికి ఏ సాకూ లేదు. అది నీచం.

కొన్నాళ్లకు లారీ వచ్చింది. మంచాలు, బల్లలు, పుట్టిన పిల్లలను వెచ్చగా ఉంచే పెట్టె, అన్నీ ఎక్కించారు. సిస్టరమ్మకు సత్తుపల్లి వైపు ఎక్కడికో బదిలీ అయింది. వెళ్లే రోజు నా దుకాణం ముందు ఆగింది.

"నీ దుకాణాన్ని మాత్రం ఎవ్వరూ పట్నానికి ఎత్తుకపోరు. సల్లగ కూసో," అంది.

వార్డుకు తాళం వేశారు. షెడ్డులో విరిగిన కుర్చీలు పడేశారు.

వానలు మొదలయ్యాక పెద్దాయన కోడలికి నెలలు నిండాయి. వాళ్లు బుద్ధిగా తమ పాత పద్ధతిలోనే చేశారు. వాగు పొంగకముందే ఆమెను పెద్ద దవాఖానాకు తీసుకుపోయారు. గేటు దగ్గర ఒక్కరినే లోపలికి పంపుతామన్నారు. లోపల చూసి, నొప్పులు రాలేదు, వచ్చినప్పుడు రమ్మని బయటికి పంపారు. ఎక్కడికి రావాలి? ఎక్కడి నుంచి రావాలి? అడవి నుంచి వచ్చిన మనిషి ఆ ఊళ్లో ఏ ఇంటి అరుగు మీద కూచుని నొప్పుల కోసం ఎదురుచూడాలి? కొన్నాళ్లు బస్టాండులో పడుకున్నారు. అత్తకు జ్వరం వచ్చింది. పోలీసు లేపి పొమ్మన్నాడు. ఇంటికి తిరిగి వచ్చేశారు.

నొప్పులు వచ్చింది వాగు నిండుగా పారుతున్న రోజున. మంచం మీద పెట్టి మోసుకుని పైనున్న కల్వర్టు దాకా నడిచి, అక్కడ ఆటో పట్టుకుని మా ఊరికి తెచ్చారు. మధ్యాహ్నం ఆటో వచ్చి నా దుకాణం ముందు ఆగింది. పెద్దాయన దిగి నన్ను పిలిచాడు. దవాఖానాలోకి పరిగెత్తాను. డ్యూటీలో ఉన్న కొత్త నర్సు భయపడిపోయింది.

"ఇక్కడ కాన్పు చెయ్యొద్దని ఆర్డర్ ఉంది సార్. ఏమన్నా అయితే నా మీదికి వస్తది. అంబులెన్స్‌కు ఫోన్ చేస్త."

అంబులెన్సు వేరే ఊరికి పోయిందన్నారు. నా వ్యానులో బట్టల మూటలు కింద పడేసి ఆమెను పడుకోబెట్టాను. రోడ్డు మీద బొగ్గు లారీలు. హారన్ కొడితే ఎవడూ కదలడు. వ్యాను వెనక నుంచి ఆమె అరుపు కొంతసేపు వినిపించింది, తరువాత వినిపించలేదు. అరుపు ఆగిపోయినందుకే నాకు ఎక్కువ భయమేసింది.

తల్లి బతికింది. బిడ్డ బతకలేదు. ఆడపిల్ల.

పెద్ద దవాఖానాలో డాక్టరు, ఎంత పనిలో ఉన్నాడో ఏమో, మా మీద విరుచుకుపడ్డాడు. "ఇంత లేటుగా తీసుకొస్తారా? ఇన్నాళ్లూ ఏం చేస్తున్నారు? మీకు ఎన్నిసార్లు చెప్పాలి?" ఆ తరువాత నా వైపు తిరిగి, "మీకు వాళ్ల భాష వచ్చా? అయితే చెప్పండి, లేటు చేసి బిడ్డను చంపుకున్నారని చెప్పండి," అన్నాడు.

ఆ మాట నేను కోయలో చెప్పలేదు. చెప్పవలసిన అవసరం కూడా రాలేదు. ఆమె ఆశ్రమ పాఠశాలలో చదువుకున్న పిల్ల. స్ట్రెచర్ మీద కళ్లు మూసుకుని ఉంది. ఆ తెలుగంతా ఆమెకు అర్థమైందని కంటి కొసల నుంచి కారిన నీళ్లు చెప్పాయి. నేను డాక్టరుతో వాదించవచ్చు. ముందే వచ్చారు, మీ గేటు నుంచే వెనక్కి పంపారు అనవచ్చు. అనలేదు. బయటికి వచ్చి వ్యాను కడుక్కున్నాను.

ఆ తరువాత గూడెంలో పెద్దాయన మీద అందరూ విరుచుకుపడ్డారు. మిర్చి చేలకు పోయి సభకు రాలేకపోయిన వయసువాళ్లు పేపర్లో వచ్చిన ఫొటో ఫోనుల్లో పెట్టుకుని చూపించుకున్నారు. నా దుకాణంలోనే ఒక కుర్రవాడు లుంగీ బేరం చేస్తూ తన స్నేహితుడితో అన్నాడు.

"మనోడు చప్పట్లు గొట్టిండు, ఆళ్లు వార్డు లేపిండ్రు. ఇంకేముంది? మనుమరాలిని గూడ చప్పట్లు గొట్టి సాగనంపిండు."

ఇద్దరూ నవ్వారు. నేను లుంగీ మడత పెడుతున్నాను. మడిచి కవర్లో పెట్టి డబ్బులు తీసుకున్నాను. పెద్దాయన సంతకు రావడం మానేశాడు. గూడెం కూచున్నప్పుడు ఆయన్ను పిలవడం మానేశారని తెలిసింది.

పోయిన ఏడాది మళ్లీ నా దుకాణానికి ఆఫీసు జీపు వచ్చింది. ఇప్పుడు పాము కాటు కేసులు, రాత్రి ఎమర్జెన్సీ, మిగిలిన ఆపరేషన్లు, అవి కూడా జిల్లా కేంద్రానికేనట. ఇక్కడ దగ్గు మందు, జ్వరం బిళ్లలు మిగులుతాయి. వచ్చిన ఉద్యోగి చాలా మర్యాదగా మాట్లాడాడు.

"సభ పెడ్తున్నం. మళ్లీ మీరే మైకు పట్టాలె. పోయినసారి మీ సహకారం మస్తుగ ఉండె. మా సార్లు ఇప్పటికీ చెప్పుకుంటరు."

లోపలి గది గుమ్మంలో మా ఆవిడ నిలబడి వింటోంది. జీపు వెళ్లిపోయాక ఉర్దూలో ఒక్కటే అంది. పాము కరిచినవాడి తరఫున కూడా అభ్యంతరం లేదని నువ్వే చెప్తావా అని. అని, నా మొహం చూడకుండా లోపలికి వెళ్లింది.

మరునాడు పొద్దున్నే గూడేనికి వెళ్లాను. బట్టల మూట లేకుండా అక్కడికి వెళ్లడం అదే మొదలు. కుక్కలు కూడా వింతగా చూశాయి. ఇప్పపూల రోజులు. ఇంటి ముందు చాప మీద ఎండబెట్టిన పూలలోంచి పుల్లలు ఏరుతూ ఆ కోడలు కూచుని ఉంది. పెద్దాయన మంచం మీద ఉన్నాడు. బాగా చిక్కిపోయాడు.

"సాయిబా? ఏంది, దారి తప్పినవా?" అన్నాడు.

"నీతోనే పనుంది పెద్దయ్యా. మీవాళ్లను కూడా పిలువు. అందరి ముందు చెప్పాలె."

"నేను పిలిస్తే వస్తలేరు," అన్నాడు. కోడలే లేచి వెళ్లి పిలుచుకొచ్చింది. లుంగీ కొన్న కుర్రవాడు కూడా వచ్చాడు. చేతులు కట్టుకుని దూరంగా నిలబడ్డాడు.

నిలబడే కోయలో చెప్పాను. సభలో పెద్దాయన ఏమన్నాడో ఆయన మాటల్లోనే చెప్పాను. దానికి బదులు నేనేం చెప్పానో చెప్పాను. ఆయన ఎందుకు చప్పట్లు కొట్టాడో చెప్పాను. దవాఖానా వరండాలో రెండోసారి ఆడిన అబద్ధం చెప్పాను. రేపటి సభలో ఇదంతా తెలుగులో మళ్లీ చెప్తానన్నాను. కుర్రవాడు తిట్టాడు. కోయలో తిడితే సగమే తగులుతుందనుకున్నాడేమో, తెలుగులోకి మారి తిట్టాడు. ఎవరూ ఆపలేదు. నేనూ ఆపలేదు.

పెద్దాయన కోడలి వైపు తిరిగాడు. ఆమెను చూపిస్తూ నాతో అన్నాడు.

"ఆ దినం సభ నుంచి వచ్చినంక ఇదే చెప్పింది నాకు. సాయిబు వేరే మాట చెప్పిండు మామా అన్నది. నేను నమ్మలే. మా నాయిన కాలం నుంచి ఎరికైన మనిషి, అట్ల చెయ్యడన్న. అబద్ధాలు చెప్తున్నవని ఇంట్ల అందరి ముందట తిట్టిన."

ఆమె వెనక వరుసలో కూచుని అంతా విన్నది. నేను చెప్పిన తెలుగు ఆ హాల్లో అర్థమైన కోయ మనిషి ఆమె ఒక్కతే. కొత్త కోడలు, అంతమంది మగవాళ్లలో లేచి నిలబడలేకపోయింది. ఇంటికి పోయి నిజం చెబితే అబద్ధాలకోరు అయింది. ఆ తరువాత నా వ్యానులోనే బిడ్డను పోగొట్టుకుంది. దారంతా బండి నడుపుతున్నది ఎవరో ఆమెకు తెలుసు.

"అవ్ బిడ్డా, తెలిసి కూడా ఆ రోజు నన్నేమీ ఎందుకు అనలే?" అన్నాను.

"ఎవరికి చెప్పాలె?" అంది. "నా మాటను మళ్లీ నువ్వే గదా తెలుగుల చెప్పేది."

చాప మీద కూచుని మళ్లీ పుల్లలు ఏరడం మొదలుపెట్టింది. నేను వెళ్లి ఆమె ఎదురుగా నేల మీద కూచున్నాను. నా వయసు మగవాడు, వ్యాపారి, అట్లా కూచోవడం అక్కడ ఎవరూ చూసి ఉండరు.

"నీ మామ సభల సరిగ్గనే చెప్పిండు. నువ్వు ఇంట్ల సరిగ్గనే చెప్పినవు. అబద్ధం చెప్పింది నేను. నీ బిడ్డ పోవడంల నా నోరు కూడా ఉన్నది. నువ్వు క్షమిస్తవని అడుగుతలేను. తప్పు చేసిన, అమ్మా. నీకు, నీ మామకు, మీ గూడేనికి తప్పు చేసిన."